ముగిసిపోయిన గొడవ చదివితే అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఒంగోలులో బీఏ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఎప్పుడు చూసినా అమెరికా, సోవియట్ యూనియన్‌ల ప్రచ్ఛన్న యుద్ధం మీద పుస్తకాలే. ఇంటర్నేషనల్ రిలేషన్స్‌లో ఎంఏ చేస్తుందట, సివిల్స్ కూడా రాస్తుందట. ఎప్పుడో ముగిసిపోయిన గొడవ చదివితే అన్నం పెడుతుందా? బీఈడీ చేయించడం మంచిదా?
- ఒక తండ్రి

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. బీఈడీ మంచి చదువే, కానీ ఇష్టం లేని పిల్లతో చేయించకండి. ఇక ఆ గొడవ ముగిసిపోయిందన్న మాట నేను ఒప్పుకోలేను. దాని ఆనవాళ్లు మన చుట్టూనే ఉన్నాయి.

హైదరాబాద్‌లో బాలానగర్ వైపు వెళ్తే ఐడీపీఎల్ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. సోవియట్ సాయంతో 1960లలో కట్టిన ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ అది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలను తమవైపు తిప్పుకోవాలని రెండు శిబిరాలూ పోటీపడిన రోజులవి. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు అంతకుముందు పనిచేసింది అక్కడే. అటు 1957లో సోవియట్ యూనియన్ తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను ఎగరేయగానే అమెరికాకు కంగారు పుట్టింది. మరుసటి ఏడాదే జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చి సైన్సుకూ, విదేశీ భాషలకూ డబ్బు పోసింది. అక్కడి యూనివర్సిటీల్లో దక్షిణాసియా విభాగాలు పెరిగింది ఆ ఊపులోనే. అలా అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాలపాటు తెలుగు పాఠం చెప్పారు. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికిన సంగతి మీ తరానికి గుర్తుండే ఉంటుంది.

ఇక అమ్మాయికి. నా దగ్గరికి వచ్చే ప్రాక్టీసు పేపర్లలో ఒకటే లోపం చూస్తుంటాను తల్లీ. 1945 యాల్టా, 1947 ట్రూమన్ సిద్ధాంతం, 1949 నాటో, 1955 వార్సా ఒప్పందం అని వరుసగా రాసేస్తారు. ఎందుకు జరిగిందన్నది ఉండదు. యూరప్‌ను నిలబెట్టడానికి అమెరికా ఇచ్చిన సాయం, ఒక్క మార్షల్ ప్లాన్ తీసుకో. రెండో ప్రపంచ యుద్ధంలో చితికిపోయిన యూరప్‌లో ఆకలి ఉంది, ఫ్రాన్స్, ఇటలీల్లో కమ్యూనిస్టు పార్టీలు బలంగా ఉన్నాయి. ఇలాగే వదిలేస్తే ఆ దేశాలు చేజారిపోతాయని అమెరికా భయం. అందుకే సుమారు 1,300 కోట్ల డాలర్ల సాయం. మరి దాదాపు 2.7 కోట్ల మందిని పోగొట్టుకున్న సోవియట్ యూనియన్‌కు అదే సాయం తన సరిహద్దు దాకా వచ్చే వలలా కనిపించింది. 1947 జూలైలో చెకోస్లోవేకియా ముందు సరేనంది. స్టాలిన్ వాళ్ల నాయకులను మాస్కో పిలిపించాక కాదంది. ఆ కొద్ది రోజుల్లో ఏం జరిగిందో వివరంగా చదువు. సిద్ధాంతం ఎక్కడ ఆగి భయం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. నా లెక్కలో ఈ పోటీని నడిపింది సగం సిద్ధాంతమైతే సగం భయం.

ఫలితాలు రాసేటప్పుడు బెర్లిన్ గోడ దగ్గరే ఆగిపోకు. వాషింగ్టన్, మాస్కో నేరుగా తలపడలేదు కానీ కొరియా, వియత్నాం, అంగోలా, అఫ్గానిస్థాన్‌లలో లక్షలాది మంది చచ్చిపోయారు. నాకు బాధ కలిగించేది, చాలా పేపర్లలో వాళ్ల ప్రస్తావన ఒక్క లైను కూడా ఉండకపోవడం.

ఉద్యోగాల విషయానికొద్దాం. సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్ సిలబస్‌లో కమ్యూనిజం, పెట్టుబడిదారీ విధానం, సోషలిజం ఉన్నాయి. పొలిటికల్ సైన్స్ ఆప్షనల్‌కు ఈ చదువంతా నేరుగా పనికొస్తుంది. ఎంఏకి ఢిల్లీలో జేఎన్‌యూ, ఇక్కడ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చూడండి. రెంటికీ సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. పక్కన ఒక భాష ఉంటే దారి ఇంకా తెరుచుకుంటుంది. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో రష్యన్, చైనీస్ చెబుతారు. 2022 అక్టోబరులో చైనాకు చిప్‌ల అమ్మకం మీద అమెరికా ఆంక్షలు పెట్టాక ఇలాంటి వ్యవహారాలు తెలిసినవాళ్లతో కంపెనీలకూ పని పడుతోంది.

దాచకుండా చెబుతాను. ఢిల్లీ పరిశోధన సంస్థల్లో పోస్టులు తక్కువ, మొదట్లో జీతాలూ తక్కువే. సివిల్స్‌నే నమ్ముకుని ఏళ్లు పోగొట్టుకున్న పిల్లలను చూశాను. అందుకే ఎంఏ చేస్తూనే కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయమనండి. పాసైతే అధ్యాపక వృత్తికి దారి ఉంటుంది, బీఈడీతో మీరు కోరుకునేదీ అదే కదా. ముందు సీయూఈటీ అప్లికేషన్ పెట్టించండి. స్కోరు వచ్చాక మళ్లీ రాయండి, సీటు ఎక్కడ తీసుకోవాలో అప్పుడు చూద్దాం.