తొలి టర్బైన్ డిస్ట్రాయర్ ‘వైపర్’ ఇంజన్ లోపం వల్లే పోయిందా?

కాదు, బ్రిటిష్ నౌకాదళపు డిస్ట్రాయర్ (వేగంగా వెళ్లే చిన్న యుద్ధనౌక) ‘వైపర్’ 1901 ఆగస్టు 3న విన్యాసాల్లో ఉండగా దట్టమైన పొగమంచులో దారి తెలియక ఇంగ్లిష్ చానెల్‌లోని ఆల్డర్నీ దీవి దగ్గర రాళ్లను ఢీకొని నాశనమైంది. రాడార్ లేని రోజులవి. ఏమీ కనబడకపోతే వేగం, దిశ, గడిచిన సమయం లెక్కగట్టుకుంటూ ఓడ నడపాల్సిందే. అక్కడేమో పోటు ప్రవాహాలు చాలా బలంగా ఉంటాయి, ఓడను ఇట్టే పక్కకు లాగేస్తాయి. అదృష్టం కొద్దీ సిబ్బంది అంతా బతికారు.

ఇంజన్ మాత్రం నిజంగా అద్భుతం. ఇంజనీర్ చార్లెస్ పార్సన్స్ రూపొందించిన ఆవిరి టర్బైన్లు (ఆవిరి తోపుకు రెక్కల చక్రం తిరిగే ఇంజన్లు), నాలుగు ఇరుసులు, ఒక్కో ఇరుసుకు రెండేసి ప్రొపెల్లర్లు. మామూలు డిస్ట్రాయర్లు 30 నాట్ల దగ్గర ఆగుతుంటే ఇది పరీక్షల్లో 36 నాట్లు దాటింది, అంటే గంటకు 67 కిలోమీటర్ల దాకా.

మరి టర్బైన్‌కు చెడ్డపేరు ఎందుకొచ్చింది? అదే ఏడాది సెప్టెంబరు 18న మరో టర్బైన్ డిస్ట్రాయర్ ‘కోబ్రా’ ఉత్తర సముద్రంలో రెండు ముక్కలై 67 మంది చనిపోయారు. రెండు ప్రమాదాలూ వెంటవెంటనే జరగడంతో జనం నింద ఇంజన్ మీద వేశారు. విచారణలో తప్పుపట్టింది మాత్రం కోబ్రా ఓడ కట్టడపు బలహీనతను. 1906లో వచ్చిన యుద్ధనౌక ‘డ్రెడ్‌నాట్’‌కు నౌకాదళం ఏరికోరి పెట్టించుకుంది ఈ టర్బైన్లనే.