నొప్పి తగ్గిందని ఆపేశావంట

అబ్బయ్యా,

మెడ, భుజాల నొప్పికని ఫిజియోథెరపీకి పది రోజులు పోయి, కాస్త తగ్గగానే మానేశావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నేనూ ఇదే తప్పు చేశాను కాబట్టి రాస్తున్నాను. కావలిలో ముప్పై ఏళ్లు కుట్టుమిషన్ మీద వంగి కూర్చున్నాను, చివరికి జడ వేసుకుందామన్నా కుడి చెయ్యి పైకి లేవలేదు. బామ్ రాయడం, పిసికించుకోవడం, రెండు రోజులకు మళ్లీ మొదలు.

తల 5 కిలోల దాకా బరువుంటుంది. అది ముందుకు వాలితే మెడ నుంచి భుజం దాకా ఉండే పై ట్రపీజియస్ కండరం రోజంతా దాన్ని మోసి బిగుసుకుపోతుంది, ఛాతీ కండరాలూ బిగుస్తాయి, మెడ ముందువైపు లోపలి కండరాలు, రెక్క ఎముకల్ని వెనక్కి పట్టి ఉంచేవి మాత్రం పనిలేక నీరసపడతాయి. అందుకే నొప్పి ఉన్నచోట పిసికితే హాయిగా ఉంటుంది గానీ, బలం రావాల్సింది ఇంకోచోట. దానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, నువ్వు పది రోజులకే లెక్క తేల్చేశావు.

గోడకు వీపు ఆనించి, గడ్డం ఎత్తకుండా తలను నేరుగా వెనక్కి జరిపి 5 సెకన్లు ఉంచు, పదిసార్లు. ఆ తర్వాత వ్యాయామానికి వాడే పొడుగాటి రబ్బరు బ్యాండ్‌ను కిటికీ ఊచకు కట్టి, కొసలు పట్టుకుని మోచేతులు వెనక్కి లాగు. లాగేటప్పుడు భుజాలు చెవుల దగ్గరికి లేస్తే బిగుసుకున్న కండరమే మళ్లీ ఆ పని చేసేస్తోందని అర్థం, నేను నెల రోజులు అలాగే తప్పుగా చేశాను, కాబట్టి తేలికైన బ్యాండ్ తీసుకో. గుమ్మానికి చేతులు ఆనించి ఛాతీ సాగదీయడం 30 సెకన్లు చాలు.

చీమకుర్తి ఆఫీసులో లాప్‌టాప్ కింద ఏదైనా ఎత్తు పెట్టి, కీబోర్డు వేరేది వాడు, అరగంటకోసారి లే. ఒంగోలు నుంచి బండి మీద పోయేటప్పుడూ గడ్డం ముందుకు చాచొద్దు.

సెలూన్‌లో మెడ టక్కున తిప్పుతారే, అది మాత్రం అస్సలు చేయించుకోకు నాయనా, మెదడుకు పోయే రక్తనాళాలు మెడలోనే ఉన్నాయి, అలా తిప్పడం వల్ల అవి చిరిగి పక్షవాతం వచ్చినవాళ్లున్నారు. చెయ్యి తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, నడకలో తూలినా, మూత్రం మీద అదుపు పోయినా వ్యాయామం ఆపి ఆ రోజే డాక్టరు దగ్గరికి పో.

రేపు పొద్దున ఆ ఫిజియోథెరపీ ఆయనకు ఫోన్ చేసి మళ్లీ టైము తీసుకో. సంక్రాంతికి వచ్చేటప్పుడు బ్యాండ్ సంచిలో వేసుకుని రా, మిద్దె మీద ఇద్దరం కలిసి చేద్దాం.

మీ పెద్దమ్మ