డబ్బాలాటలో గెలవాలంటే రెండు డబ్బాలు వదిలేయాలి

"మా బాబుతో చుక్కల డబ్బాలాట ఆడితే ప్రతిసారీ నేనే ఓడిపోతున్నాను. అంతా అదృష్టమేనా, ట్రిక్ ఏమైనా ఉందా?" అని అడిగారు. ట్రిక్ ఉంది. నాకు అది నేర్పింది ఐదో తరగతి చదివే మా మేనకోడలు, ఎంఎంటీఎస్ రైల్లో.

లింగంపల్లిలో ఎక్కి నాంపల్లి వెళ్తున్నాం. నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. తను గళ్ల నోట్‌బుక్ తీసి వరసకు నాలుగు చొప్పున 16 చుక్కలు పెట్టింది. ఆట మీకు తెలిసిందే: తలా ఒక గీత, నాలుగో గీత గీసినవాళ్లదే డబ్బా, మళ్లీ వాళ్లదే వంతు. మొత్తం 9 డబ్బాలు కాబట్టి డ్రా అనే మాటే లేదు.

ముందు ఇద్దరం ఏ డబ్బాకీ మూడో గీత పడకుండా జాగ్రత్తగానే గీశాం. బోరబండ దాటేసరికి అలాంటి చోటు మిగల్లేదు. రెండు గొలుసులు మిగిలాయి, అంటే ఒక డబ్బా దొరికితే దాని పక్కవి కూడా వరసగా చేతికొచ్చే డబ్బాల వరసలు. ఒకటి నాలుగు డబ్బాలది, ఇంకోటి ఐదుది. వంతు నాది. చిన్నదే పోనీలే అని నాలుగుదాని చివర మూడో గీత గీసి దాన్ని తెరిచాను. తను ఆ నాలుగూ తినేస్తుంది, తర్వాత ఐదుదాన్ని తనే తెరవాలి, 5-4తో గెలుపు నాదే అని లెక్కేసుకున్నా.

తను రెండే తీసుకుంది. మిగతా రెంటి మధ్య గీత గీయకుండా, గొలుసు అవతలి చివర గీత గీసి పెన్సిల్ నా చేతిలో పెట్టింది. పాపం, చూసుకోలేదనుకున్నా. మధ్యలో ఒక్క గీతతో రెండు డబ్బాలూ నావయ్యాయి. "ఇంకా నీదే మామా, గియ్యి" అంది. గీయడానికి ఆ ఐదు డబ్బాల గొలుసు తప్ప ఏముంది? 7-2. ఖైరతాబాద్ వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

అసలు కిటుకు ఇదే. అవతలివాళ్లు పెద్ద గొలుసు తెరిస్తే మొత్తం తినేయకండి. చివరి రెండూ వదిలేస్తే తర్వాతి గొలుసు కూడా వాళ్లే తెరవాలి. ఆఖరి గొలుసు మాత్రం పూర్తిగా తీసేసుకోండి, అక్కడ దానం అక్కర్లేదు. హనోయ్ టవర్ పజిల్ కనిపెట్టిన ఫ్రెంచి గణితవేత్త ఎడ్వార్ ల్యూకా 1889లోనే ఈ ఆట గురించి రాశాడట. మా ఇంట్లో మాత్రం దీన్ని ఇప్పటికీ టైంపాస్ ఆటే అంటారు.

ఇంకో సంగతి. రెండే డబ్బాల గొలుసు మీరు తెరవాల్సి వస్తే, మధ్య గీతే గీయండి. చివర గీశారో, మీ బాబు అవతలి చివర గీసి ఇదే దెబ్బ మీకు కొడతాడు. పిల్లలు ఇలాంటివి ఒక్కసారి చూస్తే చాలు, పట్టేస్తారు. కాబట్టి మొదటిసారి వాడినప్పుడు ఎందుకు వదిలారో వాడికి చెప్పకండి.