చర్మం అతికింది, గుంట మిగిలింది.. స్టెమ్ సెల్స్‌తో నిండుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పలాస దగ్గర పల్లెటూరు. నాకు 43 ఏళ్లు. రెండేళ్ల కిందట పెళ్లి వంటల దగ్గర మరిగే నూనె పడి ముంజేయి కాలింది. తొడ చర్మం తీసి అతికారు. పుండు మానింది గానీ అక్కడ గుంట పడింది. స్టెమ్ సెల్స్‌తో కొవ్వు పెంచి నింపుతామని, మూడు లక్షలవుతుందని ఒక క్లినిక్‌లో అన్నారు. చేయించుకోవచ్చా?

జవాబు: డబ్బు కట్టకండమ్మా. ముందు బాగున్న చేతి చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లాగండి, పైకి లేస్తుంది. అతికిన చోట లాగి చూడండి. లేవకపోతే కారణం ఇదీ: తొడ నుంచి తీసేది పలుచని చర్మపు పొరే, దాంతో కొవ్వు రాదు. మధ్యన ఆ మెత్తదనం లేక చర్మం లోపలి కండకు అంటుకుపోతుంది.

క్లినిక్ వాళ్లు చెప్పింది పూర్తిగా కట్టుకథేమీ కాదు. ఒంట్లో కొవ్వును గొట్టంతో లాగేసే లైపోసక్షన్‌లో తీసి పారేసే కొవ్వులో మూలకణాలు, అంటే వేరే రకం కణాలుగా మారగల స్టెమ్ సెల్స్ ఉన్నాయని 2001లో అమెరికా పరిశోధకులు చూపించారు. వాటిని కొల్లాజెన్‌తోనో, కణాలన్నీ కడిగేసిన కొవ్వు కణజాలంతోనో చేసిన ఆధారం మీద పెంచుతారు. ఆనప పాదుకు పందిరి వేసినట్టన్నమాట, కాకపోతే తీగ అల్లుకునేకొద్దీ ఈ పందిరి కరిగిపోవాలి. చిక్కంతా నీళ్ల దగ్గరే, అంటే రక్తం అందడం దగ్గరే. రక్తనాళానికి మిల్లీమీటరులో ఐదో వంతు దూరం దాటితే కణానికి ఆక్సిజన్ అందడం కష్టం. పెంచిన ముద్ద కాస్త మందమైతే, కొత్త నాళాలు చేరేలోపే లోపలి కణాలు చచ్చిపోతాయి. అందుకే ఇది ఇంకా పరిశోధనలోనే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివి అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే, అంటే మనుషుల మీద జరిపే పరిశోధనలోనే చేయాలి, అందులో చేరినవారి దగ్గర చికిత్సకు డబ్బు వసూలు చేయకూడదు. మరి ఆ మూడు లక్షలు దేనికో!

మీకు పనికొచ్చేది పాత పద్ధతే. మీ పొట్ట దగ్గరి కొవ్వునే సన్న గొట్టంతో లాగి, గుంటలోకి కొంచెం కొంచెంగా ఎక్కిస్తారు. జర్మనీ సర్జన్ న్యూబర్ 1893లోనే చేతి కొవ్వుతో ముఖం మీది గుంట పూడ్చాడు. ఎక్కించిందంతా నిలవదు, మొదటి నెలల్లో కొంత కరిగిపోతుంది. రెండోసారి, ఒక్కోసారి మూడోసారి కూడా చేయాల్సి రావచ్చు. చుట్ట అలవాటుంటే, మన వైపు అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) కూడా అంతే, ముందే మానేయాలి. పొగకు రక్తనాళాలు ముడుచుకుపోయి కొవ్వు బతకదు.

విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. పాత డిశ్చార్జి కాగితం పట్టుకుని ఓపీకి వెళ్లండి. మణికట్టు వంచినప్పుడు చర్మం పట్టేస్తుంటే గుంట సంగతి తర్వాత, ముందు అదే చెప్పండి.