విదేశానికి ఇల్లు మారుస్తున్నారా? కస్టమ్స్ సందేహాలకు జవాబులు

ప్రశ్న: పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చింది, కుటుంబంతో కెనడా వెళ్తున్నాం. ఇంటి సామాన్లు ఓడలో పంపుతున్నాం. వాటితో పాటు కొత్త టీవీ, వాషింగ్ మెషీన్ కూడా కొని ఎక్కించేద్దామని మావారు అంటున్నారు. పాత సామాన్లతో కలిపి వెళ్తాయి కాబట్టి సుంకం ఉండదు కదండీ?

జవాబు: ఉండొచ్చమ్మా, తొందరపడి కొనకండి. ఇల్లు మారేవాళ్లకి కస్టమ్స్ ఇచ్చే మినహాయింపు మీరు వాడుకుంటున్న సామాన్లకే. సీల్ తీయని టీవీని పాత సామాన్ల మధ్య పెట్టినా దాన్ని కొత్త సరుకుగానే చూస్తారు. ఎన్నాళ్లు వాడితే సరిపోతుందన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. అమెరికాలో ఇంటి సామాన్లు కనీసం ఏడాది వాడి ఉండాలి, ఆ ఏడాది ఏకధాటిగా ఉండక్కర్లేదు. బ్రిటన్‌లో, యూరోపియన్ యూనియన్‌లో ఆరు నెలలు. కెనడాలో కొత్తగా స్థిరపడేవాళ్లకి ఇన్ని నెలలని లెక్క లేదు గానీ, మీరు అక్కడ దిగే ముందే ఆ వస్తువు మీదై, మీ చేతిలో ఉండి, వాడినదై ఉండాలి. పెళ్లి కానుకలకి మాత్రం వాడకం విషయంలో సడలింపు ఉంది. ఇక వాషింగ్ మెషీన్ సంగతి. మీరు కొనేది 230 వోల్టులదైతే అక్కడ మామూలు ప్లగ్గుల్లో వచ్చేది 120. సుంకం లేకపోయినా దండగే.

మీరు అడగలేదు గానీ అసలు టెన్షన్ పడాల్సింది ఇంకో దాని గురించి. కెనడాలో మొదటిసారి దిగిన రోజే అధికారికి రెండు జాబితాలు ఇవ్వాలి: వెంట తెచ్చుకున్నవి ఒకటి, వెనకాల రాబోయేవి ఒకటి. బీఎస్ఎఫ్ 186 అనే ఫారం దీనికోసమే. ఓడ ఇంకా రాలేదు కదా, వచ్చాక చూద్దాంలే అని ఖాళీ చేతులతో బయటికి వచ్చేస్తే, తర్వాత సరుకు వచ్చినప్పుడు అవి మీరు ముందు నుంచీ వాడుకుంటున్నవేనని నిరూపించుకోవడం చాలా కష్టం. నగలుంటే ఫొటోలు, విలువ కట్టించిన కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. ఆ జాబితా విమానంలో మీ చేతిసంచిలో ఉండాలి, కంటైనర్‌లో కాదు.

ప్రశ్న: లండన్‌లో ఉద్యోగం. సామాన్లు వచ్చే వారం ఓడెక్కుతాయి. సుంకం మినహాయింపుకి అక్కడికి వెళ్లాక అప్లై చేస్తే చాలదా?

జవాబు: ఈరోజే చేయండి. బ్రిటన్‌లో దీన్ని ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ అంటారు, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు. మంజూరైతే ఒక నంబర్ ఇస్తారు, మీ సరుకు విడిపించే ఏజెంట్ అడిగేది ఆ నంబరే. అది చేతికి రాకముందే కంటైనర్ రేవుకి చేరిందనుకోండి, ఉచితంగా ఉంచే గడువు దాటాక ఓడ కంపెనీ వేసే డెమరేజ్ (ఆలస్య రుసుము), రేవు అద్దె రోజువారీగా పెరుగుతూనే ఉంటాయి, ఒక్కోసారి అవి సామాన్ల విలువనే మించిపోతాయి. అర్హత కావాలంటే అంతకుముందు కనీసం 12 నెలలు మీరు బ్రిటన్ బయట ఉండాలి. సుంకం లేకుండా వచ్చిన వస్తువుని మళ్లీ 12 నెలల దాకా అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, ఎవరికైనా ఇవ్వాలంటే ముందు కస్టమ్స్‌కి చెప్పాలి.

ప్రశ్న: ప్యాకింగ్ లిస్ట్‌లో ప్రతి చెంచా రాయాలా? "ఇతర సామాన్లు" అంటే సరిపోదా?

జవాబు: ప్రతి చెంచా అక్కర్లేదు, "వాడిన వంటపాత్రలు" అంటే చాలు. కానీ "ఇతర సామాన్లు" అని మాత్రం రాయకండి, ఆ పెట్టెలో ఏముందో తెలియాలంటే విప్పి చూడటం తప్ప వాళ్లకి వేరే దారి ఉండదు. ఆ తనిఖీ ఖర్చు కూడా చాలాచోట్ల మీ నెత్తినే పడుతుంది. పెట్టెకో నంబర్ వేసి, ఏ నంబర్‌లో ఏముందో సర్దుతున్నప్పుడే రాసుకోండి, రాత్రి కూర్చుని గుర్తు చేసుకుంటూ రాసిన లిస్ట్ దేనికీ పనికిరాదు. ఎలక్ట్రానిక్ వస్తువులకి సీరియల్ నంబర్ కూడా వేయండి. విలువ దగ్గర ఇప్పుడు అమ్మితే ఎంత వస్తుందో అది రాయండి, సుంకం భయంతో మరీ తగ్గిస్తే రేపు ఏదైనా విరిగినా పోయినా ఇన్సూరెన్స్ కూడా అంతే వస్తుంది. ఇంకోటి, మీరే సర్దిన పెట్టెలో గాజు సామాను పగిలితే చాలా పాలసీలు డబ్బివ్వవు.

ప్రశ్న: ఆస్ట్రేలియాకి సైకిల్, చెక్క బల్ల పంపొచ్చా?

జవాబు: పంపొచ్చు. సైకిల్ టైర్లకి, బూట్ల అడుగుకి, తోటపని సామానుకి ఇంత మట్టి కూడా లేకుండా కడిగి ఆరబెట్టి పంపండి, పురుగులు, తెగుళ్లు దేశంలోకి రాకుండా చూసే అక్కడి బయోసెక్యూరిటీ వాళ్లు మట్టిని, విత్తనాలని చాలా సీరియస్‌గా తీసుకుంటారు. బల్లకి పురుగు తొలిచిన రంధ్రాలుంటే పొగ పెట్టించమంటారు, ఆ ఖర్చు మీదే. బల్ల చుట్టూ కొట్టే చెక్క పెట్టెకి కూడా ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి. అంటే ఆ చెక్కని లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచడమో, మందు పొగ పట్టించడమో జరిగిందని గుర్తు. ప్యాకర్స్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందే ఆ ముద్ర ఉన్న చెక్కే వాడతారా అని అడగండి.