మందిరం పక్క స్థలం బిల్డర్‌కు ఇవ్వాలా, మనమే కట్టుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక స్వతంత్ర క్రైస్తవ సంఘం. సొసైటీగా రిజిస్టరైంది, పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్ కూడా ఉంది. మెయిన్ రోడ్డు మీద మాకున్న 900 గజాల్లో మందిరం పోను 600 గజాలు ఖాళీ. 1978లో ఒక పెద్దాయన దానమిచ్చిన స్థలం ఇది. కానుకలు, దశమ భాగాలు కలిపి నెలకు 1.40 లక్షలు వస్తే, ఖర్చు 1.55 లక్షలు అవుతోంది. ఆ లోటును 32 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీతో పూడుస్తున్నాం. ఒక బిల్డర్ సగం సగం వాటాకు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కడతానని, ముందుగా 40 లక్షల గుడ్‌విల్ (ఫ్లాట్ల వాటా కాక అదనంగా ఇచ్చే సొమ్ము) ఇస్తానని అడుగుతున్నారు. కమిటీలో చాలామంది సరే అంటున్నారు. ఏం చేయమంటారు? - సంఘ కోశాధికారి

జవాబు: వందనాలు అండి. లెక్కల కంటే ముందు ఆ 1978 దానపత్రం బయటికి తీయండి. మొదటి పేజీ నుంచి చివరి సంతకం దాకా మీరే కూర్చుని చదవండి. దానం పుచ్చుకున్నది సంఘమా, లేక అప్పటి పాస్టరు గారు తన సొంత పేరునా? 'ప్రార్థనా మందిరం అవసరాలకు మాత్రమే' లాంటి మాట ఎక్కడైనా ఉందా? పేరు పాస్టరు గారిదైతే రేపు ఆయన వారసులు తలుపు తట్టవచ్చు. షరతు ఉంటే అపార్ట్‌మెంట్ మాట అటుంచండి, నాలుగు కొట్లు కట్టాలన్నా లాయరు రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చాకే అడుగు వేయాలి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే ధ్రువపత్రం) కూడా 1978 నుంచి తీయించండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డుల్లో వెతికించాలి.

(ఇది చదువుతున్న సీఎస్‌ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా సంఘాల వారికి ఒక మాట. మీ ఆస్తులు సాధారణంగా 1947లో ఏర్పడిన సీఎస్‌ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీద ఉంటాయి. మీ స్థానిక సంఘం పాస్టరేట్ కమిటీ ఎంత ఏకగ్రీవంగా తీర్మానం చేసినా ఆ కమిటీ సంతకంతో స్థలం కదలదు.)

ఇక బిల్డర్ సంగతి. సగం సగం అంటే మీకు సగం ఫ్లాట్లు రావడం ఒక్కటే కాదు. మిగతా సగం ఫ్లాట్లు కొన్నవాళ్లకు భూమిలో అవిభాజ్య వాటా శాశ్వతంగా రాసివ్వడం కూడా. ఇరవై ఏళ్ల తర్వాత మందిరం పెంచాలన్నా, సండే స్కూలుకు రెండు గదులు వేయాలన్నా ఆ జాగా ఇక మీ చేతిలో ఉండదు. గోడ అవతల కాపురాలు ఉన్నప్పుడు క్రిస్మస్ రాత్రి ఆరాధన మైకు గురించి, ఆదివారం పార్కింగ్ గురించి గొడవలు రాకుండా ఉండవు.

పన్ను వైపు నుంచి ఇంకో చిక్కుంది. ఇలాంటి ఒప్పందంలో భవనం పూర్తయ్యాక క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి చేతులు మారితే వచ్చే లాభం మీద పన్ను) లెక్క చూసుకునే వెసులుబాటు వ్యక్తులకు, హిందూ ఉమ్మడి కుటుంబాలకే ఉంది. సొసైటీకి, ట్రస్టుకు లేదు. స్థలం బిల్డర్‌కు స్వాధీనం చేసిన ఏడాదే, చేతికి ఒక్క ఫ్లాటూ రాకముందే, ఆ లెక్క మీ మీద పడవచ్చు. గుడ్‌విల్ 40 లక్షలు చూసి మురిసే ముందు ఈ విషయం కమిటీలో పైకి చదివి వినిపించండి.

న్యూయార్క్‌లో ట్రినిటీ చర్చి ఉంది. 1705లో ఇంగ్లండ్‌ను ఏలుతున్న ఆన్ రాణి దానికి 215 ఎకరాలు ఇచ్చారు. ఇప్పుడు మిగిలింది సుమారు 14 ఎకరాలే, కానీ ఆ చర్చికి ఆధారం అదే. 2015లో భారీ పెట్టుబడి తెచ్చుకున్నప్పుడు కూడా వాళ్లు నేల అమ్మలేదు. 11 భవనాల మీద 75 ఏళ్ల హక్కులో 44 శాతం వాటాను నార్వే కేంద్ర బ్యాంకు పెట్టుబడి విభాగానికి ఇచ్చారు. గడువు తీరాక ఆస్తి చర్చిదే. మీ 600 గజాలకూ నేను చెప్పేది ఇదే: వాడుకునే హక్కును అద్దెకు ఇవ్వండి, నేలను మాత్రం వదలకండి.

దానపత్రం అడ్డు రాకపోతే నేనైతే ఇలా చేస్తాను. 32 లక్షల్లో 10 లక్షలు కదపను, అది మీకు ఆరు నెలల ఖర్చు. మిగిలిన 22 లక్షలకు ప్రత్యేక కానుకగా ఇంకో 5 లక్షలు కూడబెట్టి రోడ్డు వైపు నాలుగు కొట్లు కట్టిస్తాను. ఒక్కోటి పది అడుగుల వెడల్పు, పాతిక అడుగుల లోతు. పునాది మాత్రం రెండంతస్తులకు సరిపడా వేయిస్తాను. గేటుకు ఇరవై అడుగులు తప్పనిసరిగా వదులుతాను, పెళ్లి కారు లోపలికి వచ్చేదీ, శవపేటిక బయటికి వెళ్లేదీ ఆ దారినే. ప్రతి కొట్టుకూ వేరే కరెంటు మీటరు పెట్టిస్తాను.

అద్దె కొట్టుకు 14,000 అనుకుందాం, మీ రోడ్డు మీద ఎంత నడుస్తోందో కనుక్కోండి. నాలుగూ కలిపి నెలకు 56,000. ఏడాదికి పది నెలలే వస్తుందని లెక్కేస్తే 5.6 లక్షలు. మందిరానికి ఉన్న ఆస్తి పన్ను మినహాయింపు కొట్లకు రాదు కాబట్టి పన్ను, రిపేర్లకు 60,000 తీసేయండి. కదపని 10 లక్షల డిపాజిట్ మీద 7 శాతం చొప్పున 70,000 వడ్డీ కలిపితే 5.7 లక్షలు. ఏడాది లోటు 1.8 లక్షలు పోను 3.9 లక్షలు నిలుస్తుంది. ఇవాళ 32 లక్షల మీద అదే వడ్డీతో, లోటు పోను మీకు నిలిచేది 44,000. ఈ మిగులును జీతాల్లో కలిపేయకండి. వేరే ఖాతాలో వేస్తే ఆరేడేళ్లలో అప్పు లేకుండా పై అంతస్తు లేస్తుంది.

ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న సంస్థ ఏటా తన ఆదాయంలో 85 శాతం తన ఉద్దేశాలకు ఖర్చు పెట్టాలి, 15 శాతం ఏ షరతూ లేకుండా దాచుకోవచ్చు. కానుకలు, అద్దె, వడ్డీ కలిపి మీ మొత్తం ఆదాయం 23.1 లక్షలకు అది దాదాపు 3.46 లక్షలు. ఆపైన దాచే సొమ్ము దేనికో రాసి, గడువులోగా ఆదాయపు పన్ను శాఖకు ఫారం వేయాలి, ఐదేళ్లలో వాడాలి. ఈ పని ఆడిటరుకు ముందే చెప్పి ఉంచండి. జీఎస్టీలో, ప్రార్థనా స్థలం ఆవరణలోని కొట్టు అద్దె నెలకు 10,000 లోపు ఉంటేనే మినహాయింపు. మీ అద్దె ఆ గీత దాటినా ఏడాదికి 20 లక్షల లోపే కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అద్దెకున్న వ్యాపారికి మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఆయనే నేరుగా ప్రభుత్వానికి కడతారు.

అద్దెకిచ్చేటప్పుడు మొహమాటం పనికిరాదు. నాకు తెలిసిన ఒక సంఘంలో కొట్లన్నీ పెద్దల బంధువులకే ఇచ్చారు, కాగితం రాసుకోలేదు. పదిహేనేళ్లు అదే అద్దె. పెంచమని అడిగిన కోశాధికారి చివరికి మందిరానికే రావడం మానేశారు. కమిటీ సభ్యులకో వాళ్ల బంధువులకో తక్కువ అద్దెకు ఇస్తే పన్ను మినహాయింపుకే ముప్పు. కాబట్టి నోటీసు బోర్డు మీద పెట్టి, సీల్డ్ కవర్లు తీసుకోండి. మూడేళ్ల లీజు, ఏటా 5 శాతం పెంపు రాయించండి. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాల్సిందే. అద్దెదారులు ఇచ్చే అడ్వాన్సు మీ సొమ్ము కాదు, దాన్ని కట్టుబడిలో పెట్టకుండా విడిగా డిపాజిట్ చేయండి.

బిల్డర్ ఇచ్చిన ఏ కాగితం మీదా ఇంకా ఎవరూ సంతకం పెట్టలేదనే అనుకుంటున్నాను. టోకెన్ కింద చెక్కు ఏదైనా పుచ్చుకుని ఉంటే బ్యాంకులో వేయకండి. కమిటీ తీర్మానం రాసుకుని, ముట్టినట్టు రశీదు తీసుకుని, దాన్ని తిరిగి ఇచ్చేయండి.