పుంగనూరు దూడలు నీరసంగా పుడుతుంటే

లోపం దాణాలో కాదు, రక్తం దగ్గరైపోవడంలో ఉన్నట్టుంది. మీ మందలో ఆరేళ్లుగా ఒకే ఆంబోతు ఉందని, ఇప్పుడు దూడలు లేచి పాలు కుడవలేకపోతున్నాయని రాశారు. అంటే అది తన పెయ్యల్నే దాటుతోంది. తండ్రీకూతుళ్లకు పుట్టే దూడలో ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి రక్తం కలవడం) 25 శాతం, సవతి తోబుట్టువులకైతే 12.5. దాగున్న లోపాలు జతపడి బయటికొస్తాయి.

1. ఆ ఆంబోతును, దాని కోడెల్ని ఈ రోజే మందలోంచి విడగొట్టండి.

2. అందరూ తప్పేది ఇక్కడే. పక్క ఊరి కోడె అయితే చాలనుకుంటారు. పలమనేరు, పుంగనూరు చుట్టూ ఉన్న మందలే తక్కువ, అది మీ ఆంబోతు కొడుకే కావచ్చు! దాని తండ్రి, తల్లికి తండ్రి ఎవరో చెప్పలేకపోతే తేవద్దు. కృత్రిమ గర్భధారణ సూది వేయిస్తే స్ట్రా (వీర్యం ఉండే సన్న గొట్టం) మీద ముద్రించిన బుల్ నంబరును ఆవు చెవిపోగు నంబరు పక్కన రాసుకోండి. పుట్టిన పెయ్య ఎదకొచ్చాక అదే నంబరు పడకూడదు.

3. పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రమొస్తే మర్నాడు పొద్దున సూది వేయించాలి.

4. ధర కోసం మరీ పొట్టివాటినే ఏరుకోవద్దు. తల్లి పాలు, చూడి నిలిచే తీరు చూడండి.

నెలలు నిండకుండా ఈసుకుపోయినవి ఉంటే మాత్రం ముందు బ్రూసెల్లా (ఈసుకుపోయేలా చేసే అంటురోగం) రక్తపరీక్ష చేయించండి.